బెడ్రూంకు సొరుగుల కబోర్డు: కొలత తేల్చుకునే పద్ధతి

పెండ్లి సామాను కొనేటప్పుడు మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ చాలామంది ఒకే దుకాణంలో ఒకే పూట తీసుకుంటారు. మంచం దగ్గర ఐదు బై ఆరున్నరనా, ఆరు బై ఆరున్నరనా అని కొలత అడుగుతారు. కబోర్డు దగ్గరికి వచ్చేసరికి కంటికి నచ్చితే చాలు. ఇంటికి తెచ్చాక అది గోడకు చక్కగానే ఆనుతుంది, కానీ సొరుగు లాగితే మంచానికి తగులుతుంది. గోడ పొడవు చూసి కొంటే జరిగేది ఇదే. ముందు చూడాల్సింది కబోర్డు ఎదుట మిగిలే నేల, ఆ తర్వాత అందులో పెట్టే బట్టల మడత. ఈ రెండూ తెలిస్తే లోతు, వెడల్పు వాటంతట అవే తేలుతాయి.

ఇక్కడ చెబుతున్నది మూడు నుంచి ఆరు సొరుగులుండే చెక్క కబోర్డు గురించి. దానిమీద అద్దం బిగిస్తే డ్రెస్సింగ్ టేబుల్ అవుతుంది. కొలతలన్నీ అంగుళాల్లోనే ఇస్తున్నాం, వడ్రంగులు, దుకాణాల వాళ్లు మాట్లాడేది ఆ లెక్కలోనే కాబట్టి.

గది కొలత

టేపు, చాక్‌పీసు, ఒక కాగితం చాలు. గోడ నుంచి గోడకు నేలమీద ఒకసారి, మూడడుగుల ఎత్తున ఇంకోసారి కొలవండి. పాత రాతి గోడల ఇండ్లలో గోడ మధ్యలో ఉబ్బి ఉంటుంది, ఆ రెండింటికీ అంగుళం, రెండంగుళాల తేడా వస్తుంది. తక్కువ వచ్చిందే అసలు కొలత అనుకోండి.

తర్వాత దర్వాజ. తలుపు లోపలికి తెరుచుకుంటే దాని వెడల్పంత మేర నేలమీద చాక్‌పీసుతో వంపు గీయండి. అటాచ్‌డ్ బాత్రూం ఉంటే దాని తలుపుకూ అంతే. ఆ గీతల లోపలికి కబోర్డు మూల రాకూడదు. కిడికీ అడుగు గట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, స్విచ్ బోర్డు ఎక్కడుంది, మంచం పక్క ప్లగ్గు ఎక్కడుంది, సజ్జ ఎంత ఎత్తులో ఉంది, అన్నీ రాసుకోండి. వాస్తు చూసేవాళ్లు బీరువాను నైరుతిలో పెట్టి ఉత్తరానికి తెరుచుకునేలా ఉంచుతారు, తల దక్షిణానికి పెట్టి పడుకుంటారు. అంటే మంచం, బీరువా రెండూ దక్షిణపు గోడనే కోరతాయి. పదడుగుల గోడలో ఐదడుగుల మంచం చట్రంతో కలిపి 63 అంగుళాలు, బీరువా 36 పోతే మిగిలేది 21. ఇక సొరుగుల కబోర్డుకు ఆ గోడమీద చోటు లేనట్టే. ఈ సంగతి దుకాణానికి పోకముందే తేల్చుకోవాలి.

ఎదుట ఎంత ఖాళీ ఉండాలి

సొరుగు పూర్తిగా బయటికి వస్తే 14 నుంచి 16 అంగుళాలు తీసుకుంటుంది. దాని ముందు మనిషి నిలబడి వంగాలంటే మరో 16. కాబట్టి కబోర్డు ముఖం నుంచి మంచం అంచుకు 30 అంగుళాలు ఉంటేనే పని జరుగుతుంది, 36 ఉంటే హాయిగా ఉంటుంది. 24 ఉంటే మనిషి నడవగలడు గాని కింది సొరుగు తెరిచి కూర్చోలేడు.

10 బై 12 గదిలో ఐదు బై ఆరున్నర మంచం వేశామనుకుందాం. తలాపు చెక్కతో కలిపి దాని పొడవు దాదాపు 82 అంగుళాలు. పన్నెండడుగుల వైపు, అంటే 144లో 82 పోతే 62. కాళ్ల దిక్కు గోడకు 18 లోతు కబోర్డు పెడితే ఎదుట 44 మిగులుతుంది. ఏ ఇబ్బందీ లేదు.

10 బై 10 గదిలోనే చిక్కంతా. 120లో 82 పోతే 38. అందులో 18 కబోర్డుకు ఇస్తే ఎదుట 20, అది పనికిరాదు. అప్పుడు మంచాన్ని ఒక గోడకు మూడంగుళాలు వదిలి జరపండి. దుప్పటి చెక్కడానికి ఆ సందు కావాలి. అవతలి పక్క 54 మిగులుతుంది, 18 కబోర్డుకు పోగా 36. ఐదడుగుల మంచానికి ఇది సరిపోతుంది. ఆరడుగుల మంచమైతే అవతల 42 మాత్రమే ఉంటుంది, 16 లోతు కబోర్డు పెట్టినా ఎదుట 26 దాటదు.

ఆరడుగుల మంచం ఉన్న చిన్న గదికి ఇంకో దారి ఉంది. గోడకు జరిపిన మంచం కాళ్ల దగ్గర ఒక మూల ఎందుకూ పనికిరాకుండా ఉండిపోతుంది, అటువైపు ఎవరూ నడవరు. ఆ మూలలో కబోర్డును పక్కగోడకు ఆనించి పెట్టండి. సొరుగులు మంచం వైపు కాకుండా, మంచం కాళ్ల వెంబడి అడ్డంగా తెరుచుకుంటాయి. ఎదుట ఏడెనిమిది అడుగుల ఖాళీ ఉంటుంది. ఆ సందు 38 అంగుళాలు కాబట్టి కబోర్డు వెడల్పు 34కు మించనివ్వకండి. ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్రూం ఇండ్లలాంటి చిన్న ఇండ్లలో ఇంతకంటే మంచి జాగా దొరకడం కష్టం. ఒక్క షరతు: దర్వాజ ఆ మూలన ఉండకూడదు.

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టేముందు కబోర్డు అడుగు కొలతను చాక్‌పీసుతో నేలమీద గీసి, సొరుగు లాగినంత మేర ఇంకో గీత గీసి, ఒకటి రెండు రోజులు ఇంట్లోవాళ్లు అందులో కాలు పెట్టకుండా తిరిగి చూడండి. రాత్రి లైటు లేకుండా బాత్రూంకు పోయే దారి ఆ గీతలమీదుగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

లోపల ఏం పెడతారు

ఇక మడత లెక్క. జాకెట్టు ముక్కతో కలిపి చీర ఆరు మీటర్ల పైచిలుకు పొడవు, 46 అంగుళాల పన్న ఉంటుంది. పొడవును నాలుగుసార్లు, పన్నను రెండుసార్లు సగానికి మడిస్తే దాదాపు పదిహేనున్నర బై పదకొండున్నర అంగుళాల మడత వస్తుంది. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి ఏ చీరైనా కాస్త అటూ ఇటూగా ఇంతే. సొరుగు కొలతకు ఈ మడతే ఆధారం.

బయటి కొలత చూసి లోపల అంతే ఉంటుందనుకోవద్దు. 36 అంగుళాల వెడల్పు కబోర్డులో రెండు పక్కల చెక్క, చానెల్‌కు (సొరుగు జారే ఇనుప పట్టీ) ఒక్కోవైపు అరంగుళం, సొరుగు పెట్టె గోడలు పోగా లోపల మిగిలేది సుమారు 32. పదిహేనున్నర మడతలు రెండు వరసలు పక్కపక్కన పడతాయి. లోతులోనూ ఇదే లెక్క: 18 లోతు కబోర్డుకు 16 చానెల్ పడుతుంది, సొరుగు లోపల 15 ఉంటుంది. 16 లోతు కబోర్డుకు 14 చానెల్, లోపల 13. చీర మడతను పదకొండున్నర వైపు లోతులోకి తిప్పి పెడితే 13లోనూ ఇమిడిపోతుంది. కాబట్టి ఇరుకు గదికి 16 లోతు తీసుకోండి, చీరలకు ఏమీ తక్కువ కాదు. 18కి బదులు 20 లోతు తీసుకుంటే గది రెండంగుళాలు పోతుంది తప్ప ఒక్క వరస కూడా పెరగదు.

నాలుగడుగుల కబోర్డు విషయంలో ఎక్కువమంది మోసపోతారు. మధ్యలో నిలువు చెక్క పెట్టి రెండు వరసల సొరుగులు చేస్తారు, ఒక్కో సొరుగు లోపల 21 అంగుళాలు కూడా రాదు. అందులో ఒక్క చీర వరస పట్టి, పక్కన ఐదంగుళాలు వృథాగా ఉండిపోతుంది. అంటే నాలుగడుగుల జంట వరస కబోర్డులో ఒక్కో అంతస్తుకు పట్టేవి రెండే వరసలు, మూడడుగుల ఒంటి వరస దాంట్లో పట్టేవీ రెండే. ఆ మిగిలిన ఐదంగుళాల్లో జాకెట్లు, లంగాలు పెట్టే పద్ధతి మీ ఇంట్లో ఉంటే సరే, లేకపోతే అడుగు జాగా, దానికి పెట్టిన డబ్బు దండుగ.

మూడడుగుల ఒంటి సొరుగుకూ ఒక బలహీనత ఉంది. ఒక పక్క పట్టి లాగితే వంకరపోయి బిగుసుకుంటుంది, అడుగు ప్లైవుడ్ బరువుకు మధ్యలో కిందికి దిగుతుంది. అందుకని రెండు పిడులు పెట్టించండి, అడుగుకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కాకుండా 9 గాని 12 గాని వేయమనండి, బాల్ బేరింగ్ ఉన్న టెలిస్కోపిక్ చానెల్ అడగండి. రోలర్ చానెల్ చవకే కాని సొరుగు వెనక భాగం లోపలే ఉండిపోతుంది, వెనక పెట్టిన బట్ట కోసం చెయ్యి పెట్టి తడమాలి.

సొరుగు ఎత్తు బట్టను బట్టి ఉండాలి. లోదుస్తులు, రుమాళ్లు, గాజులకు నాలుగంగుళాలు చాలు. చొక్కాలు, పంజాబీ డ్రెస్సులకు ఆరు. చీరలకు ఎనిమిది: లోపల ఆరున్నర మిగులుతుంది, పట్టుచీరలు ఒక వరసకు ఆరు వరకు పెట్టొచ్చు. ఈ లెక్కన ఒక సొరుగుకు పన్నెండు, నలభై చీరలున్న ఇంటికి నాలుగు సొరుగులు. గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచు, కొంగు పట్టువి. బరువంతా జరీ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఎత్తుగా పేరిస్తే అడుగు చీర జరీ మడత దగ్గర విరుగుతుంది. పది అంగుళాల సొరుగు చేయించి పది చీరలు కుక్కడం కన్నా ఎనిమిదివి రెండు చేయించుకోవడం మంచిది. చీరను నూలు గుడ్డలో చుట్టండి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. రగ్గులు, చలికాలపు దుప్పట్లు ఇందులో వద్దు, వాటికి మంచం కింది పెట్టె ఉంది.

ఎత్తు, అద్దం

కిడికీ కింద పెట్టేదైతే గట్టుకు రెండంగుళాలు తక్కువ ఉండాలి. గట్టు మూడడుగుల ఎత్తునుంటే కబోర్డు 34. లేకపోతే రెక్క తెరిచేటప్పుడు పైన పెట్టిన సామానుకు తగులుతుంది. ఖాళీ గోడకైతే 48 వరకు పోవచ్చు. అంతకు మించితే పై సొరుగులో ఏముందో ఐదడుగుల మనిషికి కనబడదు. కూర్చుని తయారయ్యేదైతే పైభాగం 30, స్టూలు 18, మధ్యలో మోకాళ్లు పట్టేందుకు 24 అంగుళాల ఖాళీ.

అద్దం గురించి ఒక సంగతి చాలామంది గమనించరు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి నిలువెత్తునా కనబడాలంటే అద్దం 32 అంగుళాలుంటే చాలు, అడుగు అంచు నేల నుంచి 30 అంగుళాల ఎత్తున ఉన్నా సరే. కాని ఆ అద్దం కబోర్డు మీద ఉంటే మాత్రం కబోర్డే కాళ్లకు అడ్డం వస్తుంది, ఎంత వెనక్కి జరిగినా పాదాలు కనబడవు. చీర కుచ్చిళ్లు సరిచూసుకోవాలంటే తలుపు వెనకో, ఖాళీ గోడకో విడిగా అద్దం బిగించుకోవాలి. అది ఉంటే కబోర్డు మీది అద్దం ముఖానికి సరిపడా చిన్నదైనా పరవాలేదు.

చేయించేటప్పుడు

ప్లైవుడ్ షీటు 8 బై 4 వస్తుంది. నాలుగడుగులను మూడు ముక్కలు చేస్తే 16కు ఒక్క నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువగా మూడు పలకలు వస్తాయి. అందుకే 16 లోతు అంటే వడ్రంగి వెంటనే ఒప్పుకుంటాడు. 18 అంటే రెండు పలకలు పోగా 12 అంగుళాల పట్టీ మిగులుతుంది, దాన్ని సొరుగు ముందరి చెక్కలకు వాడమని ముందే చెప్పండి, లేకపోతే ఒక షీటు ఎక్కువ రాస్తారు.

అడుగున నాలుగంగుళాల కాళ్లుండాలి. రోజూ తడిగుడ్డతో తుడిచే ఇంట్లో నేలకు ఆనిన పార్టికల్ బోర్డు తొందరగానే అంచులు ఉబ్బుతుంది. పైగా కింద చీపురు పోకపోతే చెదలు పట్టినా తెలియదు. ఎండాకాలం కిడికీకి కూలర్ పెట్టే ఇండ్లలో కూలర్ గాలి నేరుగా కొట్టే చోట కబోర్డు పెట్టకండి, ఆ తేమకు సొరుగులు బిగుసుకుంటాయి. బాత్రూం గోడకు, వానకు తడిసే గోడకు రెండంగుళాలు ఎడం వదలండి. ఆ రెండంగుళాలు కూడా ఎదుటి ఖాళీ లెక్కలో తీసేయాలి.

లోపలికి తేవడం, నిలబెట్టడం

మెట్ల వెడల్పు, మలుపు దగ్గర జాగా, దర్వాజ లోపలి వెడల్పు కొలవండి. పొడుగు బీరువా కూడా తీసుకుంటుంటే పడుకోబెట్టి తెచ్చినదాన్ని లోపల లేపగలమా అన్నది చూడాలి. లేపేటప్పుడు మూల ఎత్తు నిలువు కంటే ఎక్కువ వస్తుంది. 78 ఎత్తు, 19 లోతు ఇనుప బీరువాకు అది 80కి కాస్త పైన, ఏడడుగుల సజ్జ కింద లేస్తుంది. 84 ఎత్తు, 24 లోతు చెక్క వార్డ్‌రోబుకు 87 దాటుతుంది, ఆ సజ్జ కింద లేవదు. అలాంటిదాన్ని విడి భాగాలుగా తెచ్చి గదిలోనే బిగించాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో కబోర్డును గోడకు కట్టేయడం తప్పనిసరి. పిల్లలు కింది సొరుగులు తెరిచి మెట్లలాగా ఎక్కుతారు, రెండు సొరుగులు ఒకేసారి బయటికి వస్తే బరువంతా ముందుకు పడి కబోర్డు మీదికి ఒరుగుతుంది. 16 లోతు దాంట్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గోడకు డ్రిల్లు వేసి ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి, పైచెక్క వెనక రెండుచోట్ల ఎల్ ఆకారపు క్లాంపు స్క్రూలతో బిగించండి. స్క్రూ గచ్చు పొరలోనే ఆగకుండా ఇటుక దాకా పోవాలి, దానికి రెండంగుళాల స్క్రూ కావాలి.

తాండూరు బండలు, షాబాదు బండలు పరిచిన పాత గదుల్లో నేల అన్నిచోట్లా ఒక మట్టం ఉండదు. పెట్టగానే సొరుగు దానంతట అదే బయటికి జారితే ముందు కాళ్లు పల్లంలో ఉన్నట్టు. సొరుగుల మధ్య సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనబడితే కబోర్డు చట్రం మెలిపడిందని అర్థం. చానెల్ స్క్రూలు విప్పే ముందు, పల్లంలో ఉన్న కాలు కింద ప్లైవుడ్ ముక్కో, రబ్బరు ముక్కో పెట్టి మట్టం సరిచేయండి. ఎక్కువసార్లు సొరుగులు అక్కడికే సర్దుకుంటాయి. మట్టం కుదిరాకే గోడకు క్లాంపులు బిగించాలి, ముందే బిగిస్తే ఆ మెలి అలాగే ఉండిపోతుంది.