బాతు పిల్లలకు తవుడు, నూకలు మొదలుపెట్టే ముందు

ముందు తవుడు వాసన చూడండి. బూజు పట్టినా, గడ్డకట్టినా పారేయండి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌ను బాతు పిల్లలు కోడిపిల్లల కంటే కూడా తట్టుకోలేవు. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. బస్తా పోతుందని చూసుకుంటే పిల్లలు పోతాయి.

పచ్చి తవుడు నిల్వ పెట్టొద్దు, అందులోని నూనె త్వరగా చెడుతుంది. నూనె తీసిన తవుడు నయం.

తవుడులోని భాస్వరాన్ని ఒంటబట్టించే ఫైటేజ్ ఎంజైమ్‌ను వేడి మేతలో కలపొద్దు, పనిచేయదు. ముందు గుప్పెడు తవుడులో కలిపి, తర్వాత మొత్తానికి పట్టించండి. అది మాంసకృత్తుల లోటు మాత్రం తీర్చదు.

నియాసిన్ (బి3 విటమిన్) విడిగా ఇవ్వండి. తవుడులో ఉన్నది సరిగా ఒంటబట్టదు, కాళ్లు వంకరపోతాయి.

మేత పక్కనే నీళ్లు, ముక్కు మునిగేంత లోతులో. లేకపోతే పొడి మేత గొంతులో అడ్డుపడుతుంది.

తడి మేత మిగిలితే తీసేయండి, పులుస్తుంది.