బాలింత నడుము మీద ఎవరి చెయ్యైనా పడేముందు

కాన్పయి రెండు మూడు వారాలు గడిచేసరికి నడుము పట్టేసింది, మెడ తిరగడం లేదు అనని బాలింతలు తక్కువ. "ఎముక పక్కకు జరిగింది, ఒకసారి సరిచేయిస్తే పోతుంది" అనేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. వెన్నును, కీళ్ళను చేత్తో విదిలించి సరిచేస్తామనే కైరోప్రాక్టిక్ వైద్యంలో మెడ టపుక్కున తిప్పే వీడియోలు ఫోన్లో ఉండనే ఉన్నాయి. నిజానికి ఎముకలేమీ జరగవు. ఆ టపుక్కు కీలులోని ద్రవంలో గాలి బుడగ చేసే చప్పుడు, అంతే.

గర్భంలో ఉండగా రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కటి ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు సడలుతాయి. అవి మళ్ళీ బిగియడానికి నెలలు పడుతుంది. సాగిన పొట్ట కండరాల పని కూడా నడుము కండరాల మీదే పడి అవి బిగుసుకుంటాయి. అలాంటి వదులు కీలును విదిలిస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది, రెండ్రోజులకు మళ్ళీ మొదటికొస్తుంది. సిజేరియన్ అప్పుడు వెన్నులో వేసిన సూదిని ఏళ్ళ తరబడి తిట్టుకోవడం కూడా అనవసరం. దీర్ఘకాలపు నడుము నొప్పికి అది కారణం కాదు.

తలనొప్పి ఉంటే మెడ ముట్టనివ్వొద్దు

అసలు ప్రమాదం ఇక్కడుంది. కూర్చుంటే తల పగిలిపోయి, పడుకుంటే తగ్గుతోందంటే వెన్ను సూది రంధ్రంలోంచి ద్రవం కారుతోందేమో చూడాలి. మత్తు డాక్టరుకు చెప్పాలి. కాన్పుకు ముందు బీపీ లేనివాళ్ళకు కూడా కాన్పయ్యాక 6 వారాల లోపు బీపీ పెరిగి తలనొప్పి రావచ్చు. 140/90 దాటితే డాక్టరుకు చూపించాలి, 160/110 ఉంటే క్షణం ఆగకూడదు. రోజురోజుకీ పెరిగే తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసక, ఫిట్స్ వస్తే మెదడు సిరల్లో గడ్డ కట్టి ఉండొచ్చు. బాలింతకు మంచినీళ్ళు కట్టడి చేసే ఇళ్ళలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. దాహం వేసినప్పుడల్లా తాగనివ్వాలి. పైగా మెడను విసురుగా తిప్పితే మెదడుకు వెళ్ళే ధమని లోపలి పొర చీలి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ కాన్పైన కొత్తలో ఆ ధమనులు మామూలుగా కంటే తేలిగ్గా చీలుతాయి. అందుకే మెడ విరిపించుకోవడం పూర్తిగా మానేయమనే మా మాట.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే నూనె రాసి పిసకొద్దు. లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. రెండు తొడల మధ్య తిమ్మిరి, మూత్రం తెలియకుండా పోవడం లేదా అసలు రాకపోవడం, కాలు పట్టు తప్పడం, నడుము నొప్పితో పాటు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పాలిచ్చే తల్లికి వంగి లేవగానే వెన్నులో కత్తితో పొడిచినట్టయితే, అరుదుగానైనా, వెన్నుపూస నలిగి ఉండొచ్చు. ఎక్స్‌రే చూడకుండా దాన్ని నొక్కితే ఇంకా నలుగుతుంది.

వెళ్ళదలచుకుంటే

నడుము ఎవరికైనా చూపించుకోవాలనుకుంటే 6 వారాల చెకప్ అయ్యాక వెళ్ళండి. అమెరికాలో కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఉంటుంది, మన దేశంలో వాళ్ళకు ప్రత్యేక కౌన్సిల్ లేదు. అందుకే ఇక్కడ ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోవడం మంచిది. కాన్పు ఎప్పుడైంది, బీపీ ఎంత, కుట్లున్నాయా అని అడగకుండానే బల్ల మీద పడుకోమంటే లేచి వచ్చేయండి. మొదటి రోజే 20 సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టేవాళ్ళ దగ్గరా అంతే.

పురిటి స్నానానికి చేతులకు, కాళ్ళకు మెత్తగా నూనె రాస్తే ఇబ్బంది లేదు. పొట్ట పిసకడం, వీపు మీద కాలేసి తొక్కడం, కుట్ల మీద మరిగే నీళ్ళు పోయడం మాత్రం వద్దు. నడికట్టు తుంటి దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి, లోపలికి అరచెయ్యి దూరేంత వదులుండాలి. నడుము దగ్గర బిగిస్తే ఒత్తిడి కిందికి దిగుతుంది.

ఇంట్లో పనికొచ్చేవి

మంచం మీంచి తిన్నగా లేవకండి. మోకాళ్ళు కలిపి పక్కకు తిరిగి, మోచేతి మీద బరువేసి లేవండి. తుంటిలో నొప్పి ఉంటే లంగా, ప్యాంటు కూర్చునే తొడుక్కోవాలి, ఒంటికాలి మీద నిలబడితే అది ఎక్కువవుతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిస్తారు కాబట్టి ప్రతిసారీ బిడ్డ మీదికి వంగితే మెడ ఊరుకోదు. ఒళ్ళో దిండ్లు పెట్టి బిడ్డనే రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి. మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలను 5 సెకన్లు బిగించి వదలండి. అలా 10 సార్లు, రోజుకు 3 పూటలు.

పొట్ట కండరాలు ఎంత విడిపోయాయో 6 వారాలయ్యాక చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం ఎత్తి, బొడ్డు దగ్గర వేళ్ళు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్ళ కంటే ఎక్కువ సందుంటే సిటప్స్ జోలికి పోకుండా ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలు 6 నెలలూ వాడాలి, రెండూ ఒకేసారి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు కనుక వేర్వేరు వేళల్లో వేసుకోండి.