చిన్న కారుకు పెద్ద థ్రాటిల్ బాడీ: ముందు కొలవండి, తర్వాత బిగించండి

థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే ప్లేటుతో ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) పెద్దదైనంత మాత్రాన ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చదు. పాతది గొంతు నొక్కుతుంటేనే కొత్తదానివల్ల లాభం. నొక్కుతోందో లేదో చెప్పడానికి ఒక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) చాలు. (ఇక్కడ చెప్పేదంతా టర్బో లేని, మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో, ఒత్తిడిని కొలిచేది) ఉన్న పెట్రోల్ ఇంజిన్ల గురించి.)

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి మ్యాప్ రీడింగ్ రాసుకోండి. సముద్రమట్టానికి దగ్గరలో అది 100 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. తర్వాత ట్రాఫిక్ లేని ట్రాక్ మీద రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, రెడ్‌లైన్ (ఇంజిన్ వేగం గరిష్ఠ హద్దు) దగ్గర ఎంత చూపిస్తోందో పక్కన కూర్చున్నవారిని చూడమనండి. తేడా 2, 3 కిలోపాస్కల్స్ లోపే ఉంటే ఈ పని ఇక్కడితో ఆపేయవచ్చు. 6, 7 దాటితే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. ఆ అడ్డు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కూడా కావచ్చు కాబట్టి, కొత్త ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి.

సైజు విషయంలో ఆశకు పోకూడదు. గాలి దారి వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 46 మి.మీ. నుంచి 50కి వెళితే 18 శాతం, 52కి వెళితే 28 శాతం. మిగతా ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే 4 మి.మీ. పెంపు ధారాళంగా సరిపోతుంది. ఇంకా పెద్దది పెడితే పెడల్ కాస్త తాకగానే బండి ఎగిరిపడుతుంది. దాన్నే చాలామంది పవర్ అనుకుంటారు. నిజానికి అదే పెడల్‌కు ఎక్కువ గాలి తెరుచుకుంటోంది, అంతే. అసలు లాభం పై ఆర్‌పీఎంలలోనే, అదీ కొద్దిగానే కనిపిస్తుంది.

పాతదాన్నే బోరు చేయిస్తుంటే (లోపలి రంధ్రం పెద్దది చేయిస్తుంటే) ప్లేటు కూడా కొత్తది కావాలి, దాని అంచు మూసుకునే కోణానికి తగ్గట్టు చెక్కాలి. ప్లేటును షాఫ్ట్‌కు పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలకు లాకింగ్ కాంపౌండ్ పూసి, వెనక కొసలు నలగ్గొట్టించండి. ఒక్కటి ఊడినా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

విప్పేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీయండి. ఇన్‌టేక్ పైపు, యాక్సిలరేటర్ కేబుల్, సెన్సర్ ప్లగ్గులు వరుసగా విడదీయండి. వాక్యూమ్ పైపులకు ముందే టేపు అంటించి నంబర్లు వేయండి. కూలెంట్ పైపులు ఉంటే క్లాంపుతో నొక్కి తీయండి, బిగించాక తగ్గినంత కూలెంట్ పోసి గాలి బయటికి పోనివ్వండి. బోల్టులు తీయగానే మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి.

ఎక్కువమంది వదిలేసే పని ఇకముందుంది. బాడీ 50 మి.మీ. ఉండి మానిఫోల్డ్ నోరు 46 దగ్గరే ఆగిపోతే గాలి ఆ మెట్టుకు కొట్టుకుంటుంది, ఖర్చంతా వృథా. అల్యూమినియం మానిఫోల్డ్ అయితే ఇంజిన్ నుంచి విప్పేసి, కొత్త గ్యాస్కెట్ ఆధారంగా గీత గీసి, నోటి నుంచి లోపలికి 25, 30 మి.మీ. వరకు వాలుగా అరగదీయండి. తర్వాత కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. బండి మీద ఉండగానే అరగదీస్తే ఆ పొడి ఇంజిన్‌లోకే వెళ్తుంది. ప్లాస్టిక్ మానిఫోల్డుల్లో ఓ-రింగ్ గాడి నోటికి బాగా దగ్గరగా ఉంటుంది. దాన్ని కోసేస్తే లీకు ఖాయం, అలాంటిచోట పెంచకపోవడమే మేలు.

గ్యాస్కెట్ రంధ్రం కొత్త బోరుకు సరిపోవాలి, అంచు లోపలికి పొడుచుకు రాకూడదు. సిలికాన్ పూయకండి. పెట్రోల్ ఆవిరికి మెత్తబడి ముక్కలుగా లోపలికి పోతుంది. బోల్టులు ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. ఎం6 బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియం మరలు తేలిగ్గా చెడిపోతాయి. కేబుల్‌కు 2 మి.మీ. వదులు ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ప్లేటు పూర్తిగా తెరుచుకుంటోందా, వదిలితే ఠక్కున మూసుకుంటోందా చూడండి. ఎక్కడ పట్టేసినా బండి కదిలించవద్దు.

ఇగ్నిషన్ ఆన్ చేసి టీపీఎస్ (ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) సిగ్నల్ వైరు దగ్గర మల్టీమీటర్ పెట్టండి. సాధారణంగా ప్లేటు మూసి ఉంటే 0.5 వోల్ట్ చుట్టూ, పూర్తిగా తెరిస్తే 4 నుంచి 4.5 వరకు ఉండాలి, మధ్యలో ఎక్కడా తెగకుండా పెరగాలి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

స్టార్ట్ చేశాక ఐడ్లింగ్ 1500 దగ్గర ఉండిపోతే స్టాప్ స్క్రూ తిప్పేయకండి. అది ప్లేటు బోరులో ఇరుక్కోకుండా కాపాడే స్క్రూ, ఐడ్లింగ్ సరిచేసేది కాదు. ముందు గ్యాస్కెట్, వాక్యూమ్ పైపులు చూడండి. మ్యాప్ సెన్సర్ బండిలో లీకు ఉంటే ఒత్తిడి పెరిగినట్టు కనిపించి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. అందుకే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత సర్దుతోందో చూపే అంకె) మామూలుగానే ఉండి ఆర్‌పీఎం మాత్రం ఎక్కువగా ఉంటుంది. ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోకండి.

కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లలో ఏ కోణానికి ఎంత గాలి రావాలో ఈసీయూకు ముందే లెక్క ఉంటుంది. బోరు మారితే ఆ లెక్క తప్పి, ఎర్రర్ కోడ్ వేసి పవర్ తగ్గించేయవచ్చు. స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్న్ (ప్లేటు స్థానాన్ని ఈసీయూకు కొత్తగా గుర్తుచేయడం) చేయడం అవసరమే గానీ, అదొక్కటే చాలదు. ఈసీయూ ట్యూనింగ్ చేయించే ఉద్దేశం లేకపోతే ఆ బండ్లలో కంపెనీ థ్రాటిల్ బాడీనే ఉంచండి.