ఏడేళ్ల కుక్కకు బాతును తెచ్చివ్వడం నేర్పుతుంటే: సమస్య - పరిష్కారం

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో మాకు కొంచెం వరి, ఒక చిన్న బాతుల మంద ఉన్నాయి. కోతలయ్యాక మళ్లలో రాలిన గింజలకు మందను వదులుతాం. సాయంత్రం లెక్క చూసుకుంటే ఒకటో రెండో తగ్గుతాయి. అవి ఏ కాలువ జమ్ములోనో చిక్కుకుని ఉంటాయి. మనిషి దిగితే ఇంకా లోపలికి పోతాయి. అందుకే మా కుక్క టైగర్‌కు వాటిని తెచ్చివ్వడం నేర్పాను. వాడు లాబ్రడార్. పెంచినవాళ్లు ఊరు మారుతూ మాకిచ్చేటప్పటికే వాడికి ఏడేళ్లు. వేటలో నీళ్లలో పడిన పక్షిని తేవడం ఆ జాతి రక్తంలోనే ఉంది. ముదురు కుక్క కాబట్టి పాత అలవాట్లు మాన్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ఒక మాట ముందే చెప్పాలి. పాఠాలు వేటకుక్కలవే గానీ, వేటకు మాత్రం పోకూడదు. పరజ, కౌజు, కొంగ లాంటి అడవి పక్షులను వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. డమ్మీతోనూ (అంటే బాతుకు బదులు విసిరే వస్తువుతోనూ) మన పెంపుడు బాతుతోనూ నేర్పుకోవాలి.

డమ్మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. అరలీటరు నీళ్ల సీసాకు గోనెపట్టా చుట్టి పురికొసతో బిగించండి, మెడకు ఒక మూర తాడు కట్టండి. గోనె మీద తెల్ల గుడ్డ పట్టీ వేయండి. కుక్క కంటికి పచ్చగడ్డిలో ఎరుపు ఆనదు, తెలుపూ నీలమూ బాగా కనబడతాయి.

సమస్య: పరిగెత్తుకుంటూ పోతుంది, వాసన చూసి వదిలేసి వస్తుంది

నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. మొదటి రెండు వారాలు నేను రోజుకు ఇరవైసార్లు విసిరాను. టైగర్ పోయేవాడు, మూతి ఆనించేవాడు, తల దించుకుని తిరిగొచ్చేవాడు. మొండితనం అనుకుని గద్దించాను కూడా. తర్వాత పశువైద్యుడి దగ్గర నోరు తెరిపిస్తే కింది దవడలో ఒక పన్ను విరిగి చీము పట్టి ఉంది. నొప్పితో ఉన్న నోటిని పట్టుకోమని రెండు వారాలు బలవంతం చేశానని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మొదటి కారణం నోరే. పళ్లు, చిగుళ్లు చూపించకుండా పాఠం మొదలుపెట్టొద్దు. నోరు బాగుంటే రెండో కారణం చూడండి. చిన్నప్పుడు చెప్పు కరిచిందనీ, గుడ్డ లాగిందనీ దెబ్బలు తిన్న కుక్కకు, నోట్లో ఏదైనా పెట్టుకోవడం తప్పు అని మనసులో ముద్ర పడి ఉంటుంది. మనమే నేర్పిన పాఠం అది.

పరిష్కారం విసరడంలో లేదు, పట్టుకోవడంలో ఉంది. కుక్కను మీ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి. ఎడమ చేత్తో పై దవడను మెత్తగా పట్టుకుని, కోరపన్ను వెనక ఖాళీలో బొటనవేలు పెడితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. గోనె చుట్టిన కర్రముక్కను పళ్ల మీద ఆనించి, గడ్డం కింద రెండు వేళ్లతో నిలపండి. ‘పట్టు’ అనండి. రెండు లెక్కపెట్టేలోగా ‘ఇవ్వు’ అని తీసుకుని, ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్క పెట్టండి. నాలుక కర్రను బయటికి తోస్తుంటే ఇంకా ఇష్టపడలేదని అర్థం. నాలుక ఆగి, కళ్లు మెత్తబడి, దవడ తనే కర్రను మోస్తున్నప్పుడు మీ వేళ్లకు ఆ తేడా తెలుస్తుంది. అప్పుడు చెయ్యి తీసేయండి. రోజుకు రెండుపూటలా అయిదేసి నిమిషాలు చాలు. టైగర్‌కు ఈ ఒక్క మెట్టుకే పద్దెనిమిది రోజులు పట్టింది. చెవి మెలిపెట్టి, గిల్లి పట్టించే పద్ధతి ఒకటుంది. ముదురు కుక్కకు దాని జోలికి పోవద్దు, చెడిన నమ్మకం మళ్లీ కుదరడం కష్టం.

సమస్య: నోట కరుచుకుంటుంది గానీ, మన దగ్గరికి రాకుండా పారిపోతుంది

కారణం: ఇన్నాళ్లూ తెచ్చినదాన్ని ఎవరో ఒకరు లాక్కున్నారు. లేదా పిల్లలు వెంటపడి ఆడారు. పట్టుకుని పారిపోవడమే ఆట అని దానికి తెలిసింది.

పరిష్కారం: ఇంటి పక్క సందు లాంటి చోటు చూసుకోండి, ఒకవైపు మూసి ఉంటే మంచిది. పటకాకు పది మీటర్ల తాడు కట్టి వదలండి. డమ్మీ పట్టుకోగానే మీరు వెనక్కి తిరిగి నాలుగడుగులు పరిగెత్తండి. ఎదురు పోతే అది పారిపోతుంది, మీరు పోతే వెంటపడుతుంది. దగ్గరికొచ్చాక వెంటనే చెయ్యి చాపొద్దు. గొంతు కూర్చుని, డమ్మీ ఇంకా నోట్లో ఉండగానే ఛాతీ నిమరండి. ‘ఇవ్వు’ అని కార్జం చూపించి మార్చుకోండి. రెండుసార్లకొకసారి డమ్మీని తిరిగి దానికే ఇచ్చేయండి. ఇస్తే పోదు, మళ్లీ వస్తుంది అని తెలియాలి. తాడుతో ఎప్పుడూ గుంజొద్దు, దారి తప్పకుండా ఆపడానికే అది.

సమస్య: నొక్కి పట్టి నమిలేస్తుంది

బాతును ప్రాణంతో తేవాలి కాబట్టి మాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. తాడు లాగుడు ఆటలు ఆడిన కుక్కలో ఈ అలవాటు ఎక్కువ. ‘ఇవ్వు’ అనకముందే మనం లాగితే కూడా అది బిగిస్తుంది. ఆకలి మీద ఉన్నా అంతే. లాగుడు ఆటలు పూర్తిగా ఆపి, పైన చెప్పిన పట్టుకునే పాఠానికే వెనక్కి పోండి.

తర్వాత డమ్మీకి రెండువైపులా బాతు రెక్కలు కట్టండి. నమలకుండా తెస్తుంటే, కూరకు కోసిన బాతును పూర్తిగా చల్లారాక, ఈకలతోనే, రెక్కలు విడిపోకుండా పాత కాటన్ మేజోడులో దూర్చి ఇవ్వండి. రక్తం తగలకూడదు. తెచ్చాక ఈకల కింద చర్మం వేళ్లతో తడిమి చూడండి. పంటి గాటు లేకుండా వారం రోజులు తెస్తేనే ప్రాణంతో ఉన్న బాతు దగ్గరికి, అదీ తాడు మీదే పంపాలి.

పొలంలో పడి ఉన్న చచ్చిన పక్షిని మాత్రం పాఠానికి ఎప్పుడూ వాడొద్దు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. అది కుక్కకూ సోకవచ్చు. గుళికల మందు తిని చచ్చిన పక్షి అయితే ఇంకా ప్రమాదం. అలాంటిది కనబడితే కుక్కను ‘వదులు’ అని పిలిచేసుకోండి. ఈ మాట ముందే నేర్పి ఉంచాలి.

సమస్య: నీళ్ల దాకా వచ్చి ఒడ్డునే ఆగిపోతుంది

చాలాసార్లు అది నీటి భయం కాదు, గట్టు భయం. కాలువ గట్టు నిలువుగా ఉంటే దిగడం తేలిక, ఎక్కడం కష్టం. ఒకసారి జారిన కుక్క మళ్లీ దిగదు. కీళ్ల నొప్పులుంటే చల్లటి నీళ్లకు మరీ ముడుచుకుంటుంది. పెన్నలో ఇసుక మెల్లగా వాలే చోటుకు తీసుకుపోండి, నీరు తక్కువగా, పారుడు లేకుండా ఉన్నప్పుడే. ముందు మీరు మోకాలి లోతుకు దిగి నిలబడండి. డమ్మీని దాని కాళ్లు నేలకు ఆనే లోతులోనే వేయండి. ఇసుక తీసిన గోతులు ఎక్కడున్నాయో కర్రతో చూసుకోకుండా ముందుకు పోవద్దు. రొయ్యల గుంటల్లో నేర్పొద్దు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు నీళ్లలోకే ఉంటాయి.

సమస్య: టపాకాయ మోతకు తోక ముడిచి పరుగు

వేటకుక్కకు తుపాకి మోత ఎలాగో, మన పక్క కుక్కకు కొంగలను బెదరగొట్టడానికి గుంటల మీద పేల్చే టపాకాయ మోత అలాగ. దగ్గర పేల్చి అలవాటు చేయడం తప్పు, భయం ముదురుతుంది. కుక్క అన్నం తింటున్నప్పుడు యాభై అడుగుల దూరంలో ఒకరిని స్టీలు పళ్లెం కొట్టమనండి. చెవులు కదిలించి మళ్లీ తింటే సరే. తినడం ఆపితే ఇంకా దూరం పోవాలి. వారానికి కొన్ని అడుగులు దగ్గరికి రండి. దీపావళి వారంలో పాఠాలు ఆపేయండి.

సమస్య: బాతు పడిన చోటు దాటిపోతుంది, కనుక్కోలేదు

ముందు కళ్లు చూపించండి, ఈ వయసులో పొర కమ్మడం మామూలే. కళ్లు బాగుంటే గాలి చూడండి. సముద్రం దగ్గర ఊళ్లలో మబ్బు, తుఫాను లేని రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి పడమర నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. గుప్పెడు పొట్టు వదిలితే ఎటు పోతుందో తెలుస్తుంది. గాలికి ఎదురుగా పంపితే వాసన దాని ముక్కుకే వస్తుంది. ఉదయం ఒకవైపు నుంచి పంపినట్టే సాయంత్రమూ పంపితే కుక్క తప్పేమీ లేదు.

సమస్య: రెండు మూడుసార్లకే పడుకుంటుంది, కుంటుతుంది

ముందు పాదాలు చూడండి. వేళ్ల మధ్య చిల్లకంప ముల్లు విరిగి ఉంటుంది, పైకి కనబడదు, వేలితో నొక్కితే తెలుస్తుంది. ముల్లు లేకపోతే కీళ్లు, ఒళ్లు బరువు. చిగుళ్లు పాలిపోయి, తిండి తగ్గి, ముక్కులోంచి రక్తం వస్తే పిడుదుల జ్వరం కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటాక పాఠం వద్దు. నేను ఆరుకల్లా ముగిస్తాను. టైగర్‌కు ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. పూటకు అయిదుసార్లు పంపుతాను, ఆరోదానికి నా ముఖం చూస్తూ నిలబడి ఉండగానే తాడు చుట్టేసి ఇంటికి తీసుకొస్తాను.