కొత్త మంచులో నడకా? జీన్స్ ఇంట్లోనే వదిలేయండి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు మంచు పడగానే స్నోక్వాల్మీ పాస్‌కో, మౌంట్ రైనియర్ మీది ప్యారడైజ్‌కో బయల్దేరతారు. మంచులో కాలు కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి స్నోషూలు అద్దెకు దొరుకుతాయి. కాళ్ళు కాస్త ఎడంగా వేసి నడిస్తే చాలు, పెద్దగా నేర్చుకునేదేం లేదు. వెనక్కి మాత్రం అడుగు వేయకండి. షూ తోక మంచులో గుచ్చుకుని కూలబడతారు, గుండ్రంగా తిరిగి రండి.

అసలు ఇబ్బంది బట్టలతోనే. జీన్స్, కాటన్ బనీను తడిశాయంటే ఇక ఆరవు. కాసేపు ఆగారో, వణుకు మొదలు. లోపల ఉన్ని లేదా పాలిస్టర్, పైన గాలిని ఆపే జాకెట్ వేసుకోండి. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగానే అనిపించాలి. మొదటిసారి నేను మంకీ క్యాప్‌తో సహా అన్నీ తగిలించుకుని, పావుగంటలో సగం విప్పి చేత్తో మోశాను.

మెత్తటి కొత్త మంచులో శ్రమంతా ముందు నడిచేవాళ్ళదే. పది నిమిషాలకోసారి మనిషిని మార్చుకోండి. స్కీలు వదిలిన గీతల మీద నడవకండి, స్కీ చేసేవాళ్ళకు కోపం వస్తుంది, న్యాయమే మరి.

భారీగా మంచు పడ్డాక మొదటి 24 గంటల్లో మంచుచరియల ప్రమాదం ఎక్కువ. పొద్దున్నే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ హెచ్చరికలు చూసి, ఏటవాలు కొండల కింద నుంచి పోని చదును దారి ఎంచుకోండి. నవంబర్ 1 నుంచి మే 1 దాకా రైనియర్ పార్కులోకి వెళ్ళే ప్రతి కారులో టైరు గొలుసులు ఉండాలి, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. ఫ్లాస్కులో అల్లం టీ మర్చిపోకండి.