పెళ్లి ఫొటోల్లో అడ్డ చారలు ఎలా పోయాయంటే

మాది పర్లాకిమిడి. మొన్న మాఘంలో ఒక రాత్రి ముహూర్తానికి ఫొటోలు తీస్తున్నాను. మంత్రాల మధ్య టకటక చప్పుడెందుకని కెమెరాను సైలెంట్ మోడ్‌లో పెట్టాను. జీలకర్రబెల్లం దగ్గర చూసుకుంటే పెళ్లికూతురి ముఖం మీద అడ్డంగా నల్ల చారలు! సెన్సర్ (కెమెరాలో బొమ్మను పట్టే చిప్) పోయిందేమోనని ఒకటే టెన్షన్. లెన్స్ మార్చినా అంతే. పందిరి బయటికొచ్చి చీకట్లో ఫోన్ టార్చి వెలుగులో ఒకటి తీస్తే శుభ్రంగా ఉంది.

అంటే తప్పు లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు ఎల్‌ఈడీలు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు. సైలెంట్ మోడ్ సెన్సర్‌ను వరసవరసగా, నిదానంగా చదువుతుంది. నేనేమో షట్టర్ 1/500 (వెలుగు పడేది సెకనులో 500వ వంతే) పెట్టాను. కొన్ని వరసలకు వెలుగు, కొన్నింటికి చీకటి.

సైలెంట్ మోడ్ తీసేసి మెకానికల్ షట్టర్‌కు (టకటకమనే అసలు తెరకు) మార్చి, ఒక పూర్తి మినుకు పట్టేలా 1/100కి దించాను. పెళ్లికూతురి మేనమామ పక్కనే ఉన్నాడు: "బాబూ, తాళి కట్టేస్తన్నారు, ఇంకా ఆ బటన్లేటి?" అదృష్టం, తాళి ఫొటోలు బాగా వచ్చాయి. రంగులు మారే డెకరేషన్ లైట్లు మాత్రం 1/100కి కూడా లొంగలేదు. వాటి మినుకు వేగం వేరు. డెకరేషన్ కుర్రాణ్ణి బతిమాలి ఆర్పించాను.

జీలకర్రబెల్లం ఫొటోల్లో చారలు తక్కువున్నదాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి ఆల్బంలో పెట్టాను.