ఎన్‌డీఏ రాత పరీక్ష: ఏ ప్రశ్న రాయాలి, ఏ ప్రశ్న వదలాలి

త్రివిధ దళాలకు అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశానికి యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే రాత పరీక్షకు మన ఇంటర్ విద్యార్థులు చాలామంది ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అలవాటుతో వెళ్తారు. ఎంసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి, చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన బిట్లన్నింటికీ ఏదో ఒక జవాబు పెట్టి రావడం అక్కడ తెలివైన పనే. ఎన్‌డీఏలో మాత్రం ప్రతి తప్పు జవాబుకూ ఆ ప్రశ్నకున్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. చదవవలసిన పాఠాలు చాలావరకు అవే అయినా, పరీక్ష రాసే పద్ధతిని కొత్తగా నేర్చుకోక తప్పదు. కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలల పిల్లలకు ఈ సంగతులు చెప్పే సీనియర్లు ఉంటారు. మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలలో ఒంటరిగా సిద్ధమవుతున్న విద్యార్థికి, ముఖ్యంగా 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఈ పరీక్ష రాసే అవకాశం దక్కిన ఆడపిల్లలకు, చెప్పేవారు తక్కువ. ఈ వ్యాసం వారి కోసమే.

ఉదయం గణితం పేపర్‌లో 120 ప్రశ్నలకు 300 మార్కులు, మధ్యాహ్నం జనరల్ ఎబిలిటీ పేపర్‌లో 150 ప్రశ్నలకు 600 మార్కులు ఉంటాయి. ఒక్కో పేపర్‌కు రెండున్నర గంటల సమయం ఇస్తారు. ఈ అంకెలు చూసి బెదిరేవారు కటాఫ్‌లను కూడా చూడాలి. మొత్తం 900 మార్కులకు రాత పరీక్ష కటాఫ్ 2022 మొదటి పరీక్షలో 360, 2023 మొదటి పరీక్షలో 301. గణితంలో 50 ఒప్పులు, 15 తప్పులు, జనరల్ ఎబిలిటీలో 65 ఒప్పులు, 30 తప్పులు చేసిన విద్యార్థికి సుమారు 332 మార్కులు వస్తాయి. అంటే గణితంలో దాదాపు సగం ప్రశ్నలు మానేసినా గట్టెక్కే అవకాశం ఉన్న పరీక్ష ఇది. అయితే ప్రతి పేపర్‌కూ విడిగా కనీస మార్కులు నిర్ణయించే అధికారం యూపీఎస్సీకి ఉంది కనుక గణితాన్ని పూర్తిగా పక్కన పెట్టకూడదు.

ఊహించి పెట్టడం గురించి వాదించే ముందు ఒకసారి లెక్క వేసి చూడండి. గణితంలో బొత్తిగా తెలియని 12 ప్రశ్నలకు గుడ్డిగా జవాబులు పెడితే సగటున మూడు ఒప్పవుతాయి, తొమ్మిది తప్పవుతాయి. మూడింటికి వచ్చే 7.5 మార్కులూ తొమ్మిదింటికి పోయే 7.5 మార్కులూ సరిసమానం. మిగిలేది ఏమీ లేకపోగా సమయం వృథా. అదే 12 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లను కచ్చితంగా కొట్టివేయగలిగితే ఆరు ఒప్పులకు 15 వచ్చి, ఆరు తప్పులకు 5 పోయి, 10 మార్కులు మిగులుతాయి. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: రెండు ఆప్షన్లు కొట్టివేయగలిగితే జవాబు పెట్టాలి, ఒక్కటీ కొట్టివేయలేకపోతే వదిలేయాలి. ఒక్కటే కొట్టివేయగలిగినప్పుడు లాభం స్వల్పం కనుక సమయం మిగిలితేనే దాని జోలికి వెళ్లాలి. ఈ నియమాన్ని ఇంటి దగ్గరే కుదుర్చుకున్నవారికి, తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు గుండె దడ చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది.

గణితం సిలబస్‌లో మాత్రికలు, త్రికోణమితి, కలనం, సదిశలు, సంభావ్యత అన్నీ ఇంటర్‌లో చదివేవే. దశాంశ సంఖ్యను ద్విసంఖ్యామానంలోకి మార్చడం వంటి చిన్న అంశాలను మాత్రం విడిగా నేర్చుకోవాలి. అవి ఒక సాయంత్రం పని. ఒక్కో ప్రశ్నకు దక్కేది 75 సెకన్లే, క్యాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. అందువల్ల ఇంటర్ పబ్లిక్ పరీక్షకు రాసినట్టు సోపానాలన్నీ రాసే అలవాటు మానుకొని, ఆప్షన్లను సమీకరణంలో ప్రతిక్షేపించి చూడడం, సులువైన విలువ తీసుకొని పరీక్షించడం సాధన చేయాలి.

జనరల్ ఎబిలిటీలో ఇంగ్లిష్‌కు 200, మిగతా విషయాలకు 400 మార్కులు. భౌతిక, రసాయన శాస్త్రాలు ఎంపీసీ విద్యార్థికి చేతిలో ఉన్నవే కనుక, చరిత్ర, భూగోళం కోసం ఆరు నుంచి పది తరగతుల సాంఘిక శాస్త్ర పుస్తకాలను శ్రద్ధగా తిరగేస్తే మంచి పునాది పడుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి అసలు ఇబ్బంది మరొకటి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీ భాషల్లోనే ఉంటుంది. నిర్ధారకం తెలిసిన పిల్లవాడు డిటర్మినెంట్ అనే మాట దగ్గర ఆగిపోతే అది తెలివి లోపం కాదు, పరిచయం లేకపోవడం. ఒక నోటుపుస్తకంలో అవకలజానికి ఎదురుగా డెరివేటివ్, సదిశకు ఎదురుగా వెక్టర్ అని రాసుకుంటూ, పాత ప్రశ్నపత్రాలను మొదటి వారం నుంచే ఇంగ్లిష్‌లో చదవండి. ఈ పని వాయిదా వేసినవారు చివరి నెలలో ఇబ్బంది పడతారు.

పరీక్షకు రెండు నెలల ముందు నుంచి ప్రతి ఆదివారం అసలు వేళలకే, అంటే ఉదయం 10 నుంచి 12.30 వరకు, మధ్యాహ్నం మరో రెండున్నర గంటలు, రెండు పేపర్లూ ఒకే రోజు రాయండి. ఓఎంఆర్ షీటు నమూనా ప్రింటు తీసుకొని నల్ల బాల్‌పెన్నుతో నింపండి. కంప్యూటర్ మీద ఎంసెట్ సాధన చేసిన చేతికి వృత్తాలు నింపడానికి ఎంత సమయం పడుతుందో అప్పుడే తెలుస్తుంది. సాయంత్రం మార్కులు లెక్కపెట్టుకోవడం కంటే తప్పులను వేరు చేసుకోవడం ముఖ్యం. తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి, నియమం మీరి ఊహించినవి అని మూడు వరుసలుగా రాయండి. మూడో వరుస వారం వారం తగ్గుతున్నదంటే మీ సాధన సరైన దారిలో ఉన్నట్టే.

పరీక్ష గదిలో ప్రశ్నలను వరుసగా చేయకండి. మొదటి విడతలో చూడగానే దారి తెలిసినవి చేసి, తెలిసినా సమయం పట్టేవాటికి ప్రశ్నపత్రంలో గుర్తు పెట్టుకుని, వాటిని రెండో విడతలో అందుకోండి. ప్రశ్నలు వదులుతూ వెళ్తున్నప్పుడు ఓఎంఆర్‌లో ఒక వరుస కిందికో పైకో జారే ప్రమాదం ఉంది కనుక, ప్రతి వృత్తం నింపే ముందు సంఖ్యను సరిచూసుకోండి.

ఉదయం పేపర్ ముగిశాక గేటు దగ్గర గుమిగూడి జవాబులు పోల్చుకునే గుంపులో నిలబడకండి. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నమో పులిహోరో తిని, కాసేపు నీడలో కూర్చోండి. 600 మార్కుల పేపర్ ఇంకా రాయవలసి ఉంది.